కాన్సాస్ పంతులమ్మ

ఆమె పోయిన తర్వాతి ఆదివారం మా బడి హాలులో సంతాపసభ పెట్టారు. కొత్త రాష్ట్రం రాబోతోందని, ఎవరికి ఏ పదవి వస్తుందని, పట్నంలో ఇళ్ల కిరాయిలు ఎంత పెరుగుతాయని ఊరంతా మాట్లాడుకుంటున్న రోజులు. సభకు వచ్చినవాళ్లు కూడా ముందు ఆ మాటలే మాట్లాడుకుని, ఎందుకు వచ్చారో తర్వాత గుర్తొచ్చి ముఖాలు దిగులుగా పెట్టుకున్నారు. గోడకు ఆమె ఫోటో, ఫోటోకు బంతిపూల దండ. అధ్యక్షుడు లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఆమె మృదుస్వభావి. ఒకరిని నొప్పించి ఎరగదు. నలుగురితో కలిసిపోయే మనిషి."

నాకు ఒళ్లు మండిపోయింది.

మృదుస్వభావి అట! తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టరు ఆమె క్లాసు దగ్గరికి రాగానే టోపీ తీసి చంకలో పెట్టుకుని, చెప్పుల చప్పుడు కాకుండా దాటిపోయేవాడు. అబిడ్స్‌లో బట్టల దుకాణం వాళ్లు ఆమె గొడుగు దూరం నుంచి కనబడితే చాలు, గజం బద్ద సరిగ్గా పట్టుకునేవాళ్లు. చనిపోయిన మనిషి లేచి కాదనలేదు గదా అని ఎవరికి తోచిన గుణం వాళ్లు తగిలించేస్తారు. ఆ మాట వేరే ఎవరైనా అని ఉంటే పోనీలే పాపం అనుకునేదాన్ని. అన్నవాడు దొర. ఏ దొర అంటే, ఆమె చేతిలో నలుగురి ముందూ చివాట్లు తిన్న దొర. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమెది పాత హైదరాబాదు కుటుంబం. నాంపల్లిలో పుట్టింది, ఉర్దూలో చదువుకుంది. ఎక్కాలు ఉర్దూలో చెప్పేది, దేవుణ్ణి ఉర్దూలో తలుచుకునేది, కోపం మాత్రం తెలుగులోనే. చిన్నప్పుడే భర్త పోయాడు. ఆయన గురించి ఒక్క మాట ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు. పోలీసు చర్య అయ్యాక మా ఆయనకు లక్డీకాపూల్‌లో గుమాస్తా పని దొరికి మేము జనగామ వైపు నుంచి వచ్చినప్పుడు, ఈ ఆడపిల్లల బడిలో నాకు తెలుగు చెప్పే పని ఇచ్చారు. టీచర్ల గదిలో ఆమె బల్ల పక్కనే నాకు బల్ల వేశారు. నేను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది, కోపం వస్తే "ఏమమ్మా జనగామ" అనేది.

నల్ల గొడుగు ఒకటి ఏడాది పొడుగునా ఆమె చేతిలోనే ఉండేది. ఎండకో వానకో అనుకునేరు, దాంతో ఆమె మాట్లాడేది. నేల మీద ఒకసారి కొడితే "విను" అని. ఎత్తి చూపిస్తే "నువ్వే" అని. చంకలో పెట్టుకుందంటే మాటలు అయిపోయినట్టే, ఇంక బతిమాలినా లాభం లేదు.

రిక్షా ఎక్కేది గానీ ఎత్తు రాగానే దిగిపోయేది. రిక్షావాడికి అది నామోషీ. "దిగకమ్మా, చూసెటోళ్లు నన్ను నవ్వుతరు" అని వాడు మొత్తుకునేవాడు. "నవ్వనీ. నీ ఛాతిల ఏమన్న ఇంజనున్నదా?" అని ఆమె పక్కనే నడుస్తూ పోయేది. ఎత్తు అయిపోయాక ఎక్కి కూర్చుని, ఇద్దరూ ఇంటి దాకా పోట్లాడుకుంటూ పోయేవాళ్లు. అదే రిక్షా, అదే పోట్లాట, ఏళ్ల తరబడి.

ఆమె నోట ఎప్పుడూ ఉండే మాట ఒకటుంది. టీచర్ల గదిలో ఎవరైనా "అందరం అనుకున్నం" అంటే చాలు, గొడుగు టక్కున నేలకు కొట్టేది. "ముందు ఓటెవరికుందో చెప్పు. అందరం అంటె ఎవరు? చాయ్ ఏ హోటల్ నుంచి తేవాలెనో మీరందరు అనుకున్నరు, చాయ్ మోసుకొచ్చేదాన్ని అడిగిన్రా?" మేము నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు.

ఆ మాట ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, కాన్సాస్ నుంచి.

పై తరగతి చరిత్ర పుస్తకంలో అమెరికా గురించిన పాఠం చిన్నది, అందులో కాన్సాస్‌కు దక్కింది ఒక్క పేజీ. మిగతా టీచర్లు దాన్ని ఒక పీరియడ్‌లో ముగించి ముందుకు పోతారు. ఆమె మొదలుపెడితే దసరా సెలవుల దాకా అదే. ఏటా అంతే. అందుకే పిల్లలు చాటుగా కాన్సాస్ పంతులమ్మ అనేవాళ్లు. ఆ పేరు ఆమెకు తెలుసు, తెలిసి ఊరుకుంది. ఆమె దేనికైనా ఊరుకున్నదంటే అది నచ్చిందనే లెక్క.

పక్క గదిలో ఉండి విని విని నాకు ఆ పాఠం కంఠతా వచ్చేసింది.

"అమెరికాల పడమటి దిక్కు ఇంకా రాష్ట్రం కాని జాగ ఒకటున్నది. ఖాళీ జాగ అని రాసిన్రు పుస్తకంల. ఖాళీ లేదు, గాడ ఉండెటోళ్లు ఎన్నటి నుంచో ఉన్నరు, వాళ్లనెవ్వరు అడగలె. ఇగ రేపు గా జాగ రాష్ట్రమైతది. అయితే గాడ మనుషులను కొనొచ్చునా, అమ్మొచ్చునా? పెద్ద సభల కూసున్నోళ్లు తెలివిగ ఏమన్నరు? 'మాకెందుకీ లొల్లి? గాడికి పోయి ఇండ్లు కట్టుకునెటోళ్లే ఓటేసుకొని తేల్చుకుంటరు' అన్నరు. వినేతందుకు ఎంత న్యాయంగున్నది!"

ఇక్కడ ఆమె సుద్దముక్కతో గది మధ్య నేల మీద గీత గీసేది. అది నది. నదికి ఇవతల కాన్సాస్, అవతల మిస్సోరీ, అంటే బానిసలున్న రాష్ట్రం. తర్వాత ఒక ప్రశ్న పెట్టేది: ముందు వరుస పిల్లలు రేపటి నుంచి వెనక వరుస పిల్లల సంచులు మోయాలా, వద్దా? ముందు వరుసకు ఓటు లేదు. క్లాసులో మిగతావాళ్లు చేతులెత్తబోయే లోపల, పక్క క్లాసు పిల్లలను పిలిచేది. వాళ్లు బిలబిలమంటూ గీత దాటి వచ్చి, నవ్వుతూ మోయాలని చేతులెత్తి, మళ్లీ గీత దాటి వాళ్ల క్లాసుకు పోయేవాళ్లు. ముందు వరుస పిల్లలు లబలబలాడేవాళ్లు. ఏడ్చినవాళ్లూ ఉన్నారు.

"కోపమొచ్చిందా? రావాలె. రాకపోతె పాఠం విననట్టే. గాడ గిట్లనే నది దాటొచ్చిన్రు, తుపాకులు పట్టుకొని ఓట్లేసిన్రు, మళ్ల నది దాటి ఇండ్లకు పోయిన్రు. బానిసతనం తప్పు అన్నోన్ని జైల్ల పెట్టాలెనని చట్టం చేసిన్రు. మరి ఎవరి మెడ మీద కత్తి పెట్టిన్రో వాన్ని అడిగిన్రా? అటోళ్లు అడగలె, ఇటోళ్లు అడగలె. ఇగ పుస్తకం తెరువు."

మొదటి ఎన్నికలు అయిన మరుసటి ఏడు ఆ క్లాసులోకి సుభద్ర వచ్చింది. సుభద్ర దొర కూతురు. వికారాబాదు అవతల ఎక్కడో వాళ్ల గడీ, కోటలాంటి ఇల్లు. రైతులు దొరల మీద తిరగబడి ఊళ్లలో గడబిడ లేచినప్పుడు దానికి తాళం పెట్టి, దొర కుటుంబంతో సహా నాంపల్లిలో పెద్ద ఇల్లు తీసుకుని దిగాడు. వచ్చిన ఏడాదిలోనే మా బడికి రెండు గదులు కట్టించి కమిటీ అధ్యక్షుడయ్యాడు.

సుభద్ర వెంట రోజూ ఒక పిల్ల వచ్చేది. పేరు సాయవ్వ. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. సాయవ్వ సంచి మోసేది, టిఫిన్ డబ్బా మోసేది, వెండి మూత ఉన్న ఇత్తడి మరచెంబులో తాగే నీళ్లు మోసేది, ఎందుకంటే బడి కుండలో నీళ్లు దొరబిడ్డ తాగదు. సుభద్ర క్లాసులో ఉన్నంతసేపూ సాయవ్వ వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేది. పని పిల్ల అనుకున్నాం మేమంతా. అలాంటివాళ్లు ఇంకా ఒకరిద్దరు వచ్చేవాళ్లు.

ఆ ఏడు సంచుల ఓటు పెట్టినప్పుడు సుభద్ర ముందు వరుసలో ఉంది. పక్కనున్న పిల్లలంతా గోల చేస్తుంటే తను మాత్రం చక్కగా చేతులు కట్టుకుని కూర్చుంది.

"నీకు కోపం రాలేదా?" అని ఆమె అడిగింది.

"నాకేం టీచర్? సాయవ్వ మోస్తది."

"సాయవ్వ ఎందుకు మోస్తది?"

"అది మాది గదా, టీచర్." ఎంత మామూలుగా అన్నదో! "మా అమ్మ పెండ్లికి వాళ్ల అమ్మను అమ్మతోని పంపిన్రు. నా పెండ్లికి దీన్ని నాతోని పంపుతరు. ఆడబాప గదా."

పక్క గదిలో ఉన్న నాకు ఆ తర్వాత ఏ చప్పుడూ వినబడలేదు. ఆమె క్లాసులో నిశ్శబ్దం అంటే ఏదో జరిగినట్టే, లేచి వెళ్లి చూశాను. ఆమె గీత మీద నిలబడి ఉంది, చేతిలో సుద్దముక్క నలిగి పిండయింది.

ఆడబాప అంటే తెలియనివాళ్లకు చెప్తాను. దొరల ఇళ్లలో ఆడపిల్లకు పెళ్లి చేసి అత్తారింటికి పంపేటప్పుడు బిందెలు, పరుపులు, నగలతో పాటు ఒక పిల్లనూ పంపేవాళ్లు. ఆ పిల్ల బతికినన్నాళ్లూ ఆ ఇంట్లోనే, పగలనక రాత్రనక పిలిస్తే పలకాలి. పెళ్లి లేదు, ఇల్లు లేదు, కాదనే మాట లేదు. దాన్ని బానిసతనం అనేవాళ్లు కాదు. మర్యాద అనేవాళ్లు, మా ఇంటి ఆచారం అనేవాళ్లు. నేను ఊరిదాన్ని, వినే పెరిగాను. విని పెరిగినందుకేనేమో నాకు అది వింతగా తోచలేదు. ఆమె పట్నంలో పుట్టింది. అమెరికాలో ఎప్పుడో జరిగిందనుకుని ఏటా పళ్లు కొరుక్కుంటూ చెప్పే పాఠం, తన వరండాలో మరచెంబు పట్టుకుని కూర్చుందని ఆ రోజే తెలిసింది.

సుభద్ర చెడ్డ పిల్ల కాదు. తన డబ్బాలో సగం సాయవ్వకే పెట్టేది. ఆ అమాయకత్వమే నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఆమె తలుపు దగ్గరికి పోయి, "సాయవ్వా, లోపలికి రా. బెంచీ మీద కూసో" అంది. ఆ పిల్లకు బెంచీ మీద కూర్చోవడం రాదు. అంచు మీద, కాలి వేళ్లు నేలకు ఆనించి కూర్చుంది, ఎప్పుడు లేవమంటారోనని. అట్లా ఆ అంచు మీదే కొన్నాళ్లు చదువుకుంది. అక్షరాలు నేను నేర్పాను. బెంచీ మధ్యకు జరగడానికి మాత్రం అ నుంచి ఱ దాకా పట్టింది.

విషయం దొర చెవిన పడింది. ఆయన కేకలు వేసే మనిషి కాదు, కాగితం మీద పని జరిపించే మనిషి. చందా కట్టినవాళ్లకు ఓటుండే బడి సంఘం సభ్యుల సమావేశం పిలిపించాడు. "గార్డియన్ అనుమతి లేకుండా ఎవరూ తరగతి గదుల్లో కూర్చోరాదు" అని తీర్మానం. చదవడానికి ఎంత సక్రమంగా ఉందో చూడండి. సాయవ్వకు గార్డియన్ ఎవరు? దొర.

ఇంటింటికీ తిరిగి సభ్యులతో ఆమె మాట్లాడింది. సుల్తాన్ బజార్ వ్యాపారులు, వకీళ్లు, గుమాస్తాలు. చాలామంది సరేనన్నారు. గెలుస్తామనే అనుకున్నాం. సమావేశం రోజు మధ్యాహ్నం నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి, తలకు రుమాళ్లు చుట్టుకున్న మనుషులు గుంపుగా నడిచి వచ్చి మా హాలు నిండా కూర్చున్నారు. చేతుల్లో కట్టెలు. అంతా దొర ఊరి మనుషులు. పొద్దుటి నుంచే వాళ్లు సభ్యులట, చందాలు కట్టారట, రసీదులున్నాయట. తీర్మానం చదవడం ఆలస్యం, చేతులెత్తారు. ఎందుకు ఎత్తుతున్నారో సగం మందికి తెలియదు, పక్కవాణ్ణి చూసి ఎత్తారు. అయిపోగానే లేచి మళ్లీ స్టేషన్‌కు పోయారు, రైలు తప్పిపోతుందని.

ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి ముఖం చూస్తూ పంపింది. "ఇన్నేండ్లు సుద్దముక్కతోని గీస్తున్ననమ్మా జనగామా. గీత గీడ ఉండె" అని గొడుగుతో స్టేషన్ వైపు చూపించింది.

సాయవ్వ మళ్లీ వరండాలోకి పోయింది.

మాఘంలో సుభద్ర పెళ్లి ఖాయమైంది, వరంగల్ అవతలి దొరల ఇంటికి. సామాను లెక్కలో సాయవ్వ కూడా ఉందని సుభద్రే సంతోషంగా చెప్పింది. ఆ సాయంత్రం ఆమె నన్ను వెంటబెట్టుకుని దొర ఇంటికి పోయింది. హాలులో దొర, దొరసాని, పెళ్లిపనుల మీద వచ్చిన చుట్టాలు. కాఫీ ఇచ్చారు. ఆమె ముట్టలేదు.

"మీరు పంపుతరా పంపరా అని నేను అడగ రాలె. గా పిల్లను పిలువున్రి. అడుగుదాం."

దొర నవ్వాడు. "దానికేముంది? అడగున్రి."

సాయవ్వ వచ్చి తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. ఆమె ఎంతో ఆశగా, ఎంతో మెత్తగా, అవును ఆ ఒక్కసారే మెత్తగా, "బిడ్డా, నీకు సుభద్ర వెంబడి పోవాలెనని ఉన్నదా? లేకుంటె లేదని చెప్పు. నేనున్న" అంది.

సాయవ్వ దొరను చూసింది. దొరసానిని చూసింది. నేలను చూసింది.

"దొరసాని ఎట్లంటె గట్లనే."

"విన్నరు గదా పంతులమ్మా" అన్నాడు దొర. కాఫీ చల్లారుతోందని కూడా అన్నాడు.

బయటికొచ్చాక ఆమె రిక్షా పిలవలేదు. అబిడ్స్ దాకా నడిచింది. పోస్టాఫీసు ముందు, అంత జనంలో, ఉన్నట్టుండి ఆగి గొడుగు తన కాలి మీదే కొట్టుకుంది.

"ఎంత గాడిదను నేను! తుపాకులోళ్ల నడుమ ఓట్ల డబ్బా పెట్టిన్రని ఏటేటా తిడుత. ఇయ్యాల నేనేం జేసిన? కట్టెలు పట్టుకున్నోళ్ల నడుమ గా పిల్లను నిలబెట్టి ఓటెయ్యమన్న. ఎవ్వరు చెప్తరు లేదని? నువ్వైతె చెప్తవా?"

నేను చెప్పను అన్నాను. నిజం అదే.

"ఓటుకు పరదా కావాలె" అంది. మొదటి ఎన్నికల్లో ఆడవాళ్ల బూత్‌లో ఆమె డ్యూటీ చేసింది. గుర్తులు అంటించిన డబ్బాలు పరదా వెనక వరుసగా ఉండేవి, పరదా దాటి లోపలికి ఒక్కరే పోవాలి. మొగుడైనా, అత్తయినా, దొరైనా ఇవతలే ఆగిపోవాలి. ఆ పరదాను ఆమె గుడి తలుపులా కాపాడిందని చెప్పుకునేవాళ్లు.

రెండు రోజులు ఆలోచించింది. తర్వాత ఒక మధ్యాహ్నం సుద్ద చేతులు కడుక్కోవడానికి వరండాలోకి పోయి, సాయవ్వను నీళ్లు పొయ్యమంది. నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల ముఖం చూడకుండా, చేతులు రుద్దుకుంటూ చెప్పింది.

"నాకేం జవాబు చెప్పకు. పోవాలెనని ఉంటె రోజు తీరుగనే చెంబు తీస్కొని ఇంటికి పో. వద్దనుకుంటె చెంబు ఈడ మర్చిపో. మర్చిపోతె నిన్నెవ్వరు కొట్టరు, తిడ్తరు గంతే. దాని కోసం నిన్నొక్కదాన్నే మళ్ల పంపుతరు. గప్పుడు నేను గేటు కాడ ఉంట. ఏ దినమైనా సరే. నువ్వు మర్చిపోకున్నా నాకు కోపం రాదు."

సాయవ్వ నీళ్లు పోస్తూనే ఉంది. చేతులు శుభ్రమయ్యాక కూడా పోసింది.

ఆ రోజు చెంబు ఇంటికి పోయింది. మర్నాడూ పోయింది. ఆ వారమంతా పోయింది. బడి వదిలే గంట కొట్టగానే నేను వరండా వైపు తొంగి చూసేదాన్ని, ఆమె మాత్రం కాపీ పుస్తకాలు దిద్దుకుంటూ తల ఎత్తేది కాదు. ఒకసారి ఉండబట్టలేక, "నేను పోయి అడగనా అక్కా?" అన్నాను.

"ఓటేసెటోళ్లను అడగొద్దు" అని గొడుగు చంకలో పెట్టుకుంది. ఇంక మాట్లాడడానికి లేదు.

పెళ్లికి ముందు సుభద్ర బడికి వచ్చిన ఆఖరి రోజు. పిల్లలంతా సుభద్ర చుట్టూ మూగి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. టాంగా వచ్చింది. సంచి ఎక్కింది, డబ్బా ఎక్కింది, సుభద్ర ఎక్కింది, సాయవ్వ వెనక ఎక్కింది. టాంగా పోయింది. నేను వరండాలోకి పరుగెత్తాను. గోడ పక్కన, రోజూ ఆ పిల్ల కూర్చునే చోట, మరచెంబు ఉంది.

ఆమె వచ్చి చూసింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగింది. ఆమె ఏడవగా నేను చూసింది అప్పుడే.

ఎండ ఇంకా దిగలేదు, సాయవ్వ ఒక్కతే నడుచుకుంటూ వచ్చింది. పరుగెత్తలేదు. పరుగెత్తితే ఎవరైనా చూస్తారనుకుందేమో, లేక కాళ్లు రాలేదేమో. ఆమె గేటు దగ్గర గొడుగు విప్పి, ఆ పిల్ల తల మీద పట్టి, అబిడ్స్ పెద్ద బజారు నడిమధ్యలోంచి తన ఇంటికి తీసుకుపోయింది. "సందుల్ల నుంచి పోదాం అక్కా" అని నేను గొణిగితే, "దొంగతనం జేస్తున్నమా?" అని కసిరింది.

మర్నాడు పోలీసు జమాదారు వచ్చాడు. కమిటీ గదిలో దొర, ఇంకో ఇద్దరు పెద్దలు కూర్చుని ఆమెను పిలిపించారు. ఫిర్యాదు దేని గురించి అనుకున్నారు? మనిషి గురించి కాదు. మనిషి మాది, మాకు తెచ్చి ఇవ్వండి అని రాయించడానికి ఇప్పుడు చట్టం ఒప్పుకోదు. అందుకని వెండి మూత మరచెంబు పోయిందని రాయించారు. సాయవ్వ దొంగ అని రాయించారు! తరాల తరబడి తల్లినీ బిడ్డనూ సామానుతో కట్టి పంపినవాళ్లు ఆ మాట రాయించారు.

ఆమె ముందే చెంబు చీర కొంగులో చుట్టి తెచ్చింది. తీసి బల్ల మీద ఠంగుమని పెట్టింది. సరిగ్గా బిగించని మూత ఎగిరి దొర ఒళ్లో పడింది.

"ఇగో మీ సొత్తు. దీనికి ఓటు లేదు, తీస్కపోన్రి. గా పిల్లకు ఏండ్లు నిండంగనే ఓటున్నది, పిల్ల మీది కాదు. జమాదారు సాబ్, చెంబు దొరికిందని రాసుకోన్రి. ఇంకేమన్న పోయిందా దొరగారూ? పోతె పేరు చెప్పున్రి, ఏం పోయిందో గీ కాగితం మీద మీ చేత్తోని రాయున్రి."

దొర కాగితం వైపు చూడలేదు. జమాదారు మీసం కింద నవ్వుకుని, చెంబు ముట్టినట్టు సంతకం అడిగాడు. దొర పెట్టాడు.

పగ తీర్చుకోకుండా ఉంటారా? ఆమె చేతిలోంచి చరిత్ర తీసేసి కుట్టు క్లాసు ఇచ్చారు. కొత్తగా వచ్చిన చరిత్ర టీచరు కాన్సాస్‌ను ఒక పీరియడ్‌లో దాటించేసింది. ఈమె మాత్రం కుట్టు క్లాసులో పిల్లలకు జేబురుమాళ్ల అంచులు కుట్టిస్తూనే గది మధ్యలో సుద్దగీత గీసేది.

గెలిచిందని రాసి ఇక్కడ ఆపేయవచ్చు. కానీ సుభద్ర అత్తారింటికి వట్టి చేతులతో పోలేదు. ఊరి నుంచి మరో పిల్లను తెప్పించి పంపారు. ఆ పిల్ల పేరు కూడా మాకు తెలియలేదు. ఆ కబురు విన్న రోజు ఆమె అన్నం తినలేదు. ఆ తర్వాత వరంగల్ వైపు మనిషి ఎవరు కనబడినా, "గా ఇంట్ల ఒక పిల్ల ఉన్నది, ఎట్లున్నదో చూసి చెప్పవా?" అని అడిగేది. ఎవరూ చెప్పలేదు. పోయే ముందు జ్వరంలో కూడా అదే అడిగిందని సాయవ్వ నాతో అంది.

సాయవ్వ ఆమె దగ్గరే ఉండి చదువుకుంది, నాంపల్లి దవాఖానలో ఆయాగా చేరింది. ఆఖరి రోజుల్లో ఆమెకు ఒళ్లు తుడిచింది, గంజి తాగించింది సాయవ్వే.

ఇక సంతాపసభ సంగతి. బడి గుమాస్తా తీర్మానం చదివాడు: "మృదుస్వభావి, అందరికీ తలలో నాలుక అయిన ఆమె మృతికి..." దొర, "ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. చేతులు లేచాయి. నా చేయి లేవలేదు. ముందు నుంచి రెండో వరుసలో, కుర్చీ నిండా వీపు ఆనించి కూర్చున్న ఒక తెల్లచీర చేయి కూడా లేవలేదు.

దొర ఆ మనిషిని గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. "అమ్మా, సంఘం సభ్యులు కానివాళ్లు ఎత్తనక్కర్లేదు" అన్నాడు.

"నేను సభ్యురాలినే" అంది సాయవ్వ లేచి నిలబడి. "నౌకరి దొరికిన నెలనే పంతులమ్మ చేర్పించింది. గుమాస్తా సాబుకు తెలుసు."

గుమాస్తా తల ఊపాడు.

"నేను ఒప్పుకుంటలేను. మెత్తటి మనిషి అని రాసిన్రు, అబద్ధం. ఆమెకు కోపముండె. గా కోపంతోనే నేనియ్యాల గీ కుర్సీల కూసున్న. గా మాట కొట్టెయ్యిన్రి."

"మరేం రాయమంటవు?" అన్నాడు దొర.

"కోపమున్న మనిషి అని రాయున్రి."

నేను లేచి సరే అన్నాను. వెనక నుంచి ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు, ఇప్పుడు చంకన బిడ్డలతో ఉన్నవాళ్లు, ఒక్కొక్కరే లేచారు. మాట మార్చాలా వద్దా అని మళ్లీ చేతులు ఎత్తించక దొరకు తప్పలేదు. ఈసారి ఆ హాలులో, నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి వచ్చినవాడు ఒక్కడూ లేడు.